వల తీసేయాలా, ఉంచాలా?

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీలు ఉంది కాబట్టి కుదించి చెబుతాను.

సొంత ఇల్లు, వెనకాల కాస్త పెరడు. అందులో ఒక జామచెట్టు, ఒక దానిమ్మ, బీర సొర పాదులకి పందిరి, టమాటా వంగ మిరప మడి. ఇదంతా మామగారి చేతి చలవ. ఆయన తెనాలి దగ్గర పల్లెలో వ్యవసాయం చేసి, ఓపిక తగ్గాక పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చేశారు. లాక్‌డౌన్ రోజుల్లో కొడుక్కి కూడా మొక్కల పిచ్చి పట్టింది. పిల్లలకి మందు కొట్టని కూరగాయలు పెట్టాలన్నది ఆయన పట్టుదల.

మొన్న జూలైలో చిలకలూ ఉడతలూ జామకాయలు కొరికి పడేస్తున్నాయని ఆ కొడుకు, అంటే ఈవిడ భర్త, ఆన్‌లైన్‌లో సన్నటి నైలాన్ వల తెప్పించి చెట్టంతా కప్పేశారు. మామగారు మధ్యాహ్నం నిద్రపోతున్న సమయంలో. అదే ఊపులో పందిరికీ మడికీ దోమ కూడా దూరని తెల్లటి నెట్ చుట్టేశారు. వారం తిరక్కుండా జామచెట్టు వలలో ఒక పిగిలిపిట్ట చిక్కుకుని చచ్చిపోయింది. ఆగస్టులో ఒక జెర్రిపోతు చిక్కింది.

అక్కడి నుంచి ఆవిడ మాటల్లోనే: “మామగారు కత్తెర పట్టుకుని కింద కూర్చుని ఒక్కో పోగూ కత్తిరించారు. పోగులు పాము ఒంట్లోకి దిగిపోయి ఉన్నాయి. వదిలాక వెళ్ళిపోయింది గానీ రెండు రోజులకి బట్టలుతికే రాయి పక్కన చచ్చి కనిపించింది. అప్పట్నుంచీ ఆయన పెరట్లోకి రావడం మానేశారు. అన్నం గదిలోకే పట్టుకెళ్ళి ఇస్తున్నాను. మా వారేమో ‘వల వద్దంటే మందు కొట్టమంటారా?’ అంటున్నారు. బీర, సొర పిందె నిలవడం లేదు. తేనెటీగలు రావట్లేదేమోనని పొద్దున్నే ఆయన స్నానానికి వెళ్ళగానే నెట్ ఒక పక్క ఎత్తిపెడుతున్నాను, ఆఫీసుకి బయల్దేరేలోపు దించేస్తున్నాను. అయినా కాయల్లేవు. జామకాయలకీ లోపల పురుగే. వల తీసేయమంటే మామగారి పక్షం అంటారు. ఊరుకుంటే పెద్దాయన మొహం చూడలేకపోతున్నాను. పక్కింటివాళ్ళు కూడా వల తమ గోడ మీదికి వచ్చిందని సణుగుతున్నారు. ఏం చేయమంటారు?”

ముందు జామచెట్టు మీది వల సంగతి చూద్దాం. ప్రాణాలు పోతున్నది దానివల్లే.

దారం సన్నం, కంతలు బొటనవేలు దూరేంత, కప్పింది వదులుగా. ఈ మూడూ కలిస్తే ఏ జీవి తగిలినా ఉచ్చే. పిట్టకి ఆ దారం సరిగ్గా కనిపించదు. కాలో రెక్కో దూరిందంటే గింజుకునే కొద్దీ బిగుసుకుంటుంది. పాము తల సులువుగా దూరుతుంది, లావుగా ఉన్న నడుము దగ్గర ఆగుతుంది, వెనక్కి రాబోతే పొలుసులు దారానికి అడ్డం పడతాయి. పోగులు కోసి వదిలినా, అప్పటికే నొక్కుకుపోయిన చోట కండ దెబ్బతిని తర్వాత చనిపోవచ్చు. తన కత్తెర తగిలి పోయిందేమోనని మామగారు లోలోపల అనుకుంటుంటే ఈ సంగతి ఆయన చెవిన వేయండి.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2021 సెప్టెంబరు నుంచి ఇళ్ళలో పండ్లచెట్లకి వేసే వలల మీద నిబంధన ఉంది. పూర్తిగా సాగదీసినప్పుడు కూడా కంత 5 మిల్లీమీటర్లు దాటకూడదు. అక్కడివాళ్ళు చెప్పుకునే పరీక్ష చాలా సులువు: వేలు దూరితే ఆ వల పనికిరాదు. మీ వల ఆ పరీక్షలో మొదటి నిమిషంలోనే ఫెయిల్. మిగతా విషయాల్లో రెండు మూడు దారులు చెబుతాను గానీ, ఇక్కడ మాత్రం నా దగ్గర ఆప్షన్లు లేవు. ఆ వల ఈ వారమే దిగాలి. దించాక వీధి చివర పడేయకండి, కుక్కల కాళ్ళకీ ఆవుల నోటికీ తగులుతుంది. ముక్కలుగా కత్తిరించి మూటకట్టి చెత్తబండిలో వేయండి. పక్కింటివాళ్ళ సణుగుడు కూడా దాంతోనే పోతుంది.

మీ వారికి ఒప్పించే కారణం కావాలంటే పిల్లల్ని గుర్తుచేయండి. మామగారు పొలం మనిషి, జెర్రిపోతుని చూడగానే పోల్చుకున్నారు. దానికి విషం లేదు, ఎలకల కోసం వస్తుంది. కానీ జెర్రిపోతుని తాచనుకునేవాళ్ళూ, తాచుని జెర్రిపోతనుకునేవాళ్ళూ కూడా ఉంటారు. వల ఈసారి ఏ పాముని పట్టి ఉంచుతుందో తెలియదు. ఎప్పుడైనా పాము ఇలా చిక్కితే మామగారితో సహా ఎవరూ చెయ్యి పెట్టొద్దు. పాములు పట్టేవాళ్ళనో అటవీశాఖ వాళ్ళనో పిలవండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన చిన్న వాక్యం, “జామకాయలకీ లోపల పురుగే.” అది చిలకల పనీ కాదు, ఉడతల పనీ కాదు. పండు ఈగ. ఇంటి ఈగంతే ఉంటుంది, చూడ్డానికి చిన్న కందిరీగలా కనిపిస్తుంది. కాయ పండబోయే ముందు తొక్కలోకి గుడ్లు పొడుస్తుంది. పైన సూదిమొనంత మచ్చ తప్ప ఏమీ తెలియదు. పురుగులు లోపల గుజ్జు తింటాయి, కాయ రాలుతుంది, పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై లేస్తుంది. వానాకాలం కాపులో దీని బెడద మరీ ఎక్కువ. బొటనవేలు దూరే కంతలోంచి ఈగ దర్జాగా వెళ్ళొస్తుంది. అంటే మీ వారు చిలకల మీద కోపంతో కట్టిన వల, అసలు దొంగని ఆపనే లేదు.

ఈ మాట మీరు నోటితో చెబితే వాదన అవుతుంది. ఆయనే చూసేలా చేయండి. ఒక వారం పాటు రాలిన కాయలన్నీ బుట్టలో వేసి, కోసి, వేరు చేయండి. ముక్కుతో పొడిచిన గుంట ఉంటే పిట్ట. అంచుల్లో పళ్ళ గీతలుంటే ఉడత. పొద్దున్నే చెట్టుకింద నమిలి ఉమ్మిన పిప్పి కనిపిస్తే రాత్రి గబ్బిలాలు వచ్చాయి. పైకి నిగనిగలాడుతూ, కోస్తే తెల్లపురుగులు కదిలితే ఈగ. ఈ పనికి మీ ఇంట్లో అర్హత ఉన్న మనిషి మామగారే. ఆయన పెరట్లోకి రానంటే బుట్టనే వరండాలోకి పట్టుకెళ్ళి, చాకు చేతికిచ్చి “ఇదేం తిన్నదో చూడండి మామయ్యగారూ” అని అడగండి. సాయంత్రం కొడుకు వచ్చేసరికి ఆ కుప్పలు అక్కడే ఉంచండి, పారేయకండి.

జామ విషయంలో తర్వాత ఏం చేయాలన్నది ఆ కుప్పల్ని బట్టి ఉంటుంది. ఈగ కుప్పే పెద్దదైతే కాయలకి కవర్లు కట్టడం అన్నిటికన్నా నమ్మకమైన పని. పిందె నిమ్మకాయంత అయ్యాక, రంగు తిరగకముందే కట్టాలి. ఆలస్యమైతే గుడ్లతో సహా మూట కట్టినట్టే. గుడ్డలా ఉండే నాన్ వోవెన్ సంచులు మేలు, జాగ్రత్తగా విప్పితే మళ్ళీ వాడుకోవచ్చు. పాలిథిన్ కవరైతే కింద మూలలు కత్తిరించండి, లేదంటే లోపల చెమటపట్టి కాయ కుళ్ళుతుంది. దానిమ్మకీ ఇదే మందు. కాయ తొలిచే పురుగు గుడ్లు పెట్టే సీతాకోకచిలుకని కూడా కవరు ఆపుతుంది. ఇందులో కష్టం ఏమిటంటే చెట్టెక్కో నిచ్చెన వేసో ఒక్కో కాయకీ కట్టాలి. అందనంత ఎత్తులో ఉన్నవి వదిలేయాల్సిందే. వదిలేసిన ఆ పై కొమ్మలు పిట్టలవి అనుకుంటే మామగారికి అభ్యంతరం ఉండదని నా ఊహ. ఉడత మాత్రం కాగితాన్నయినా గుడ్డనయినా కొరుకుతుంది. ఉడతకి పూర్తి విరుగుడు ఏ వలలోనూ లేదు, నైలాన్ కూడా కొరికేస్తుంది.

మీ వారికి వలే కావాలంటే సరైన వల వేసుకోవచ్చు. తెల్లటిది, నేసినట్టు ఒత్తుగా ఉండేది, వేలు దూరనిది. కొమ్మల మీద దుప్పటిలా పరచకూడదు. వెదురుతోనో ఇనప పైపులతోనో చట్రం కట్టి దాని మీద బిగుతుగా లాగాలి, కింద అంచు నేలకి ఆనించి బరువు పెట్టాలి. పూత మీద కాకుండా పిందె పడ్డాకే వేయాలి, కాయ కోత అవగానే తీయాలి, ఉన్నన్నాళ్ళూ పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి చుట్టూ తిరిగి చూడాలి. చెట్టుని ముందు మనిషి ఎత్తుకి కాస్త పైగా కత్తిరించుకోకపోతే ఇదంతా కుదరదు. ఖర్చు మొదటి దారికన్నా ఎక్కువ. పైగా మన చలికాలపు కాపూ తుపాన్లూ ఒకేసారి వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఎలాంటి గాలులు వీచాయో మీకు గుర్తుండే ఉంటుంది. అంత గాలికి ఒత్తు వల తెరచాపలా పట్టుకుని చట్రాన్ని లేపేస్తుంది, కొమ్మల్ని కూడా లాగుతుంది. తుపాను హెచ్చరిక వినగానే వల చుట్టి దించే మనిషి ఇంట్లో ఉంటేనే ఈ దారి.

మూడోది నాకు ఇష్టమైనది, చాలామంది ఒప్పుకోనిది. వానాకాలం కాపుని వదులుకోవడం. ఏప్రిల్ ఆఖరు, మే నెలల్లో కొమ్మల చివర్లు కత్తిరిస్తే వానాకాలం కాపు తగ్గి, చెట్టు బలం చలికాలం కాపుకి మళ్ళుతుంది. చలికాలం జామ రుచీ ఎక్కువ, ఈగ బాధా తక్కువ. జూలైలో మిగిలే నాలుగు కాయలు చిలకలు తింటే తిననివ్వండి. దీనివల్ల ఒక సీజన్ కాయ తక్కువవుతుంది, పిల్లలు అడుగుతారు, రైతుబజార్లో కొనాల్సి వస్తుంది. అది మీ వారికి ఓటమిలా అనిపిస్తే బలవంతపెట్టకండి.

వీటిలో ఏది చేసినా రెండు పనులు తప్పవు. రాలిన కాయని చెట్టు కింద ఉంచకూడదు. అడుగున్నర లోతు గోతిలో పూడ్చడమో, కవర్లో గట్టిగా కట్టి ఎండలో పడేయడమో చేయాలి. రెండోది మిథైల్ యూజినాల్ ఎర బుట్ట. చెట్టుకి తగిలిస్తే మగ ఈగలు పడతాయి. మగవే పడతాయి కాబట్టి అదొక్కటే చాలదు. బీర, సొర పాదులకి వచ్చే ఈగ వేరు, దానికి క్యూ లూర్ అనే ఎర అడగాలి. అంగడివాళ్ళు రెండిటికీ ఒకటే ఇస్తుంటారు, చూసి తీసుకోండి. “మందు కొట్టమంటారా” అన్న ప్రశ్నకి జవాబు కూడా ఇదే. వలకీ విషానికీ మధ్య చేయగలిగినవి ఇన్ని ఉన్నాయి.

ఇప్పుడు మడి మీది తెల్ల నెట్. దీని మీద నాకు కోపం లేదు, సగం చోట సరిగ్గానే ఉంది. టమాటా, మిరప, వంగ పూలు చాలావరకు తమలో తామే ఫలదీకరణ చెందుతాయి. నెట్ కింద ఉన్నా కాస్తాయి, పొద్దున్నే కొమ్మని వేలితో రెండుసార్లు తడితే ఇంకా మంచిది. ఆకుముడత వైరస్‌ని మోసుకొచ్చే తెల్లదోమనీ, వంగకాయ తొలిచే పురుగు తాలూకు రెక్కల పురుగునీ నెట్ ఆపుతుంది. కాకపోతే నెట్ ఉంది కదా అని ధీమా వద్దు. 2021లో గుంటూరు మిరప చేలని ఊడ్చేసిన నల్ల తామర పురుగులాంటివి మామూలు 40 మెష్ నెట్‌లోంచి, అంటే అంగుళానికి 40 కంతలుండే నెట్‌లోంచి కూడా దూరిపోతాయి. అప్పటికే మట్టిలో ఉన్న పురుగు నెట్ లోపలే లేస్తుంది. పేనుబంక పట్టిందంటే దాన్ని తినే అక్షింతల పురుగు లోపలికి రాలేదు, బంక పండగ చేసుకుంటుంది. వారానికోసారి ఆకు తిప్పి చూడండి. బంక కనిపిస్తే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టండి.

బీర, సొర సంగతి పూర్తిగా వేరు. మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. తేనెటీగో మరో పురుగో వచ్చి పుప్పొడి మోయాల్సిందే. నెట్ బిగిస్తే పిందె పసుపు రంగు తిరిగి రాలడం ఖాయం. మీరు పొద్దున్నే నెట్ ఎత్తి పెడుతున్నారన్నారు. బీరపూలు విచ్చుకునేది సాయంత్రం పూట. సొరపూలూ అంతే, సాయంత్రం విచ్చుకుని రాత్రంతా ఉంటాయి. దోస, కాకర అయితే మీ పొద్దుటి దొంగతనం పనికొచ్చేది. మీరు ఇన్నాళ్ళు పడ్డ టెన్షన్ అంతా వేళ తప్పింది.

పందిరి మీద నెట్ తీసేస్తే పురుగులు వాటంతటవే వచ్చి పని చేసుకుంటాయి, వాటితోపాటు కాయకి పోటు పెట్టే ఈగా వస్తుంది. ఎర బుట్టలు పెట్టి, పిందెలకి కవర్లు కట్టుకోవాలి. నెట్ ఉంచాలనుకుంటే మీరే ఆ పురుగు పని చేయాలి. సాయంత్రం విచ్చిన మగపువ్వు తుంచి, రేకలు వెనక్కి ఒలిచి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు మధ్యభాగానికి మెల్లగా రాయాలి. ఆడపువ్వు కింద చిటికెన వేలంత పిందె ఉంటుంది, పోల్చుకోవడం కష్టం కాదు. మొదట్లో అన్నీ మగపూలే వస్తే కంగారు పడకండి, పాదుల తీరే అంత. పది పూలకి రోజూ సాయంత్రం ఇలా చేయగలరా అన్నది మీ ఓపిక.

ఇక ఇంటి విషయం. మీ ఉత్తరంలో పాము గురించి ఒక పేజీ ఉంది. “మామగారు నిద్రలో ఉండగా” అన్నది మాత్రం ఒక్క ముక్కలో దాటేశారు. పెద్దాయన బాధ అక్కడ మొదలైందని నాకనిపిస్తోంది. పిట్టా పామూ తర్వాత వచ్చాయి. తను పెంచిన చెట్టు మీద తనని అడక్కుండా వల పడింది. ఆ మాట పైకి అనలేక పెరడు మానేశారు. మీ వారి వైపు నుంచి చూస్తే, ఆయన దాన్ని పిల్లల కోసం చేసిన మంచిపని అనుకున్నారు. అది ఇంట్లో హత్యానేరంలా మారేసరికి మొండికేశారు. ఇద్దరిలో ఎవరినైనా సారీ చెప్పమని మీరు మధ్యవర్తిత్వం చేస్తే చెబుతారేమో గానీ, చెప్పించినందుకు మీమీదే కినుక ఉంటుంది. అంతకన్నా పని కల్పించడం మేలు. పై దారుల్లో ఏది తీసుకున్నా జామచెట్టుకి కొమ్మ కత్తిరింపు అవసరం. ఎక్కడ, ఎంత, ఎప్పుడు కత్తిరించాలో మీ వారికి తెలియదు, మామగారికి తెలుసు. కొడుకు వెళ్ళి “నాన్నా, ఈ కొమ్మ ఎక్కడికి కొట్టమంటారు?” అని అడిగితే ఆ ఇంట్లో అంతకు మించిన క్షమాపణ అక్కర్లేదు. అడుగుతారా అంటే, కవర్లు కట్టే దారిని ఆయనే ఎంచుకున్నట్టు అనిపిస్తే అడుగుతారు. ఆ ఎంపిక మీరు చేసి పెట్టకండి.

అన్నం గదిలోకి మోయడం గురించి: ఆపేస్తే పెద్దాయన ఒక పూట మానేసే ప్రమాదం ఉంది, అది నేను చెప్పను. కొన్నాళ్ళు మీ పళ్ళెం కూడా ఆ గదిలోకే పట్టుకెళ్ళండి. పిల్లలు వెంట వస్తారు. టేబుల్ దగ్గర ఒక్కడే కూర్చుని తినడం మీ వారికి ఎన్ని రోజులు బాగుంటుందో చూడండి. ఇది కాస్త కుట్రే, ఒప్పుకుంటాను.

నెట్ ఎత్తుతున్న రహస్యం చెప్పాలా వద్దా? చెప్పకపోతే నష్టం ఏమిటంటే, నెట్ ఉండగా లోపలికి పురుగు ఎలా వచ్చిందో ఆయనకి అర్థం కాదు. ఇంకా ఒత్తు నెట్ కొంటారు. ఎప్పుడో పిల్లలే చెప్పేస్తారు కూడా. చెబితే ఒక పూట కోపం వస్తుంది. చెప్పదలిస్తే మాత్రం మామగారి పేరు, పాము పేరు ఎత్తకుండా బీరపూల దగ్గరే మొదలుపెట్టండి. ఏదో ఒక సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చాక పందిరి కిందికి తీసుకెళ్ళి, అప్పుడే విచ్చుకుంటున్న ఆడపువ్వు చూపించి, “పిందె నిలవట్లేదని పొద్దున్న పూట నెట్ ఎత్తుతున్నాను, వేళ తప్పిందట” అని మామూలుగా చెప్పేయండి. మగపువ్వు తుంచి ఆయన చేతికే ఇవ్వండి. మామగారి పక్షం అనడానికి అందులో ఏమీ ఉండదు.